ఎక్స్‌ప్రెస్సక్క నెమ్మది నేర్చుకున్న వైనం

ఆ వీధిలో ఆమె అసలు పేరు తెలిసినవాళ్లు తక్కువ. కుట్టుపని చేసే మనిషి. పొద్దున బట్ట ఇచ్చి వెళితే సాయంత్రానికల్లా చొక్కా అయి కొక్కేనికి వేలాడేది. బడులు తెరిచే రోజుల్లో మిగతా టైలర్ల దగ్గర జనం ఈగల్లా ముసురుకుని "ఇవాళ కాదు, రేపు రండి" అనిపించుకుంటుంటే, ఈమె కొట్టుకి వచ్చినవాళ్లు వచ్చినట్టే యూనిఫారాల సంచి పట్టుకుని వెళ్లిపోయేవాళ్లు. ఎవరో ఎక్స్‌ప్రెస్సక్క అన్నారు. ఆ పేరు కుట్టేసినట్టు అతుక్కుపోయింది.

కుట్టులోనే కాదు, అన్నింట్లోనూ అంతే. నడిస్తే పక్కన నడిచేవాళ్లకి ఆయాసం. మాట్లాడితే ఎదుటివాళ్ల మాట కూడా తనే పూర్తి చేసేది. "ఆలస్యం అమృతం విషం" అన్నది ఆమె ఊతపదం. అలాంటి మనిషికి "నిదానమే ప్రధానం" అనే మొగుడు దొరికాడు. ఆయన వడ్రంగి. ఒక్క స్టూలు చెయ్యాలన్నా చెక్కని అటు తిప్పి ఇటు తిప్పి, నిమిరి, వాసన చూసి, మళ్లీ గోడకి ఆనించి కూర్చునేవాడు.

"ఏవండీ, ఆ చెక్కతో సంసారం చేస్తారా, స్టూలు చేస్తారా?" అనేది ఆమె.

"చూడనీవే. తొందరపడితే పగులుతుంది," అనేవాడాయన, పెన్సిల్ చెవిలోంచి తీయకుండానే.

వాళ్లకి పిల్లలు లేరు. అదే ఇంట్లో పై వాటా ఆమె తమ్ముడిది. తమ్ముడు గోదాములో బస్తాలు ఎత్తుతాడు. మరదలు బస్సు కండక్టరు. ఆ మరదలికి నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. రెండు అరచేతుల్లో ఇమిడిపోయేంత పిల్ల. చాలా రోజులు ఆస్పత్రిలో గాజుపెట్టెలో ఉంచి, ఇంటికి పంపారు. చూడగానే అక్క, "ఇది పిల్లేమిటే, పిచ్చుక!" అంది. ఆ పేరే ఖాయమైంది.

మరదలు మళ్లీ డ్యూటీకి వెళ్లాక పిచ్చుక అత్త చేతుల్లో పడింది. కుట్టుమిషన్ పక్కనే చాప, చాప మీద పిల్ల. తోటిపిల్లలు పాకుతున్నారు, కూర్చుంటున్నారు, గిన్నెలు బోర్లిస్తున్నారు. ఏడాది దాటినా పిచ్చుక కూర్చోదు. కూర్చోబెడితే కర్రలా వెనక్కి వాలిపోతుంది. పడుకోబెడితే కాళ్లు కత్తెర వేసినట్టు ఒకదాని మీద ఒకటి బిగుసుకుంటాయి. బొటనవేళ్లు లోపల దాచిపెట్టి పిడికిళ్లు మూసుకునే ఉంటుంది. మిషన్ చప్పుడు మొదలవగానే ఉలిక్కిపడి చేతులు రెండూ ఎగరేస్తుంది.

లాగు తొడగడమంటే ఒక యుద్ధం. అక్క గబగబా కాలు పట్టుకుని లాగేది. ఎంత లాగితే అంత గట్టిగా బిగించేది పిల్ల. "ఎంత మొండిఘటానివే! నీ బాబు పోలికే నీకు," అని విసుక్కుంటూ ఇంకాస్త లాగేది. పిల్ల ఏడుపు, అత్త చెమటలు. వీధిలో పెద్దవాళ్లు, "కొందరు పిల్లలు ఆలస్యంగా కూర్చుంటారులే," అని ధైర్యం చెప్పారు. ఆ ధైర్యంతోనే ఇంకొన్ని నెలలు గడిచిపోయాయి.

చివరికి పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లారు. పెద్దాయన. పిల్లని ఆడిస్తూనే కాళ్లు కదిపి చూశాడు, తలకి స్కానింగ్ తీయించాడు, ముగ్గురినీ కూర్చోబెట్టాడు. పుట్టిన కొత్తలో మెదడుకి దెబ్బ తగిలిందనీ, ఆ దెబ్బ ఇక పెరగదు గానీ మానిపోదనీ, అందుకే కండరాల్లో ఈ బిగువు అనీ చెప్పాడు. మరదలు కొంగు నోట్లో కుక్కుకుంది. తమ్ముడు గోడకున్న గడియారం వంక చూస్తూ ఉండిపోయాడు.

అక్క ఒక్కతే అడిగింది: "ఎన్నాళ్లకి తగ్గుతుంది డాక్టరుగారూ?" బట్ట ఎప్పటికిస్తారు అని కొట్టుకి వచ్చినవాళ్లు అడిగినట్టే అడిగింది.

"తగ్గిపోయే జబ్బు కాదమ్మా ఇది. చూసుకుంటూ ఉండాల్సినది. సరిగ్గా చూసుకుంటే పిల్ల హాయిగా ఉంటుంది, చాలా పనులు నేర్చుకుంటుంది. వదిలేస్తే కండరాలు కురచబారి కీళ్లు వంగిపోతాయి," అన్నాడాయన.

అదే ఆస్పత్రి వెనక వరండా చివర్న ఫిజియోథెరపీ గది ఉంది. నేల మీద నీలం పరుపులు, గోడ నిండా అద్దం, పట్టుకుని నడవడానికి రెండు కమ్మీలు, మూల పిల్లలకంటే పెద్ద రబ్బరు బంతులు. అక్కడుండే ఫిజియో మేడం పిచ్చుకని పరుపు మీద పడుకోబెట్టమని, "లాగు తీయండమ్మా, కాళ్లు చూస్తాను," అంది.

అక్క ఎప్పట్లాగే చటుక్కున తీయబోయింది. పిల్ల విల్లులా బిగుసుకుని కెవ్వుమంది. మేడం పక్కన కూర్చుంది. తన చేతులు రుద్దుకుని వెచ్చబరిచింది. "కాళ్లు పట్టుకుంటున్నా బంగారం," అని ముందే పిల్లకి చెప్పింది. రెండు మోకాళ్లూ కలిపి మెల్లగా పొట్ట వైపు వంచి, ఉయ్యాల ఊపినట్టు అటూ ఇటూ ఊపింది. ఊపుతూ ఊపుతూ ఉండగానే కత్తెర విడింది. లాగు దానంతటదే జారివచ్చింది.

అక్క నోరు తెరుచుకుని చూసింది. "మంత్రమేమైనా వేశారా మేడం?"

మేడం నవ్వింది. "మన కండరాలకి మెదడు నుంచి రెండు కబుర్లు రావాలమ్మా. బిగించమని ఒకటి, వదలమని ఒకటి. ఈ పాపకి మొదటిది గట్టిగా వినబడుతుంది. రెండోది దారిలో తప్పిపోతుంది. గబుక్కున లాగారనుకోండి, కండరం బెదిరి ఇంకా బిగుస్తుంది. నెమ్మదిగా సాగదీసి అక్కడే ఆగితే, కాసేపటికి అదే లొంగుతుంది."

"ఎంతసేపు ఆగాలి?"

"అది వదిలేదాకా."

"వదలకపోతే?"

"ఇంకాసేపు."

"నా ప్రాణం పోయేదాకా అన్నమాట," అంది అక్క. తర్వాత గొంతు తగ్గించి అడిగింది: "అయితే మేడం, ఇదంతా పిల్ల మొండితనం కాదా?"

"అయ్యో, కాదమ్మా. వదలాలనే తనూ అనుకుంటుంది. ఒళ్లే మాట వినడం లేదు."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అక్క ఒక్క మాట మాట్లాడలేదు. మరదలు భయపడి, "వదినా, ఒంట్లో బాలేదా?" అని అడిగింది. అక్క పిల్ల పిడికిలి మీద తన బొటనవేలు ఆనించి, దిగేదాకా అలాగే చూస్తూ కూర్చుంది.

చెప్పడం తేలిక, చెయ్యడం కష్టం. కాలు సాగదీసి పట్టుకుని ఆగుతుంటే అక్కకి ఒంటి మీద చీమలు పాకినట్టుండేది. అవతల కుట్టాల్సిన కర్టెన్లు, గుండీలు వెయ్యాల్సిన చొక్కాలు కళ్ల ముందు ఆడేవి. మనసు పరిగెత్తగానే చేతులూ పరిగెత్తేవి. పిల్ల వెంటనే బిగుసుకునేది. కొట్టుకి వచ్చేవాళ్లెవరూ అంత ఖచ్చితంగా ఆమె పనికి వంక పెట్టలేదు. చివరికి ఆమే ఒక ఉపాయం కనిపెట్టింది. ఒక్కో కాలు పట్టుకున్నప్పుడు ఒక్కో ఊసు చెప్పడం. కొట్టుకి వచ్చిన లావుపాటాయన నడుం కొలిస్తే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్న సంగతి, ఒకావిడ పిల్లి పడుకోవడానికి పరుపు కుట్టమన్న సంగతి. ఆ ఊసు కూడా గడగడా చెబితే పనికిరాదు. తాపీగా, సాగదీసి చెప్పాలి. ఊసు అయ్యేలోపు కాలు వదులయ్యేది. పిల్ల పకపకా నవ్వేది. మరీ గట్టిగా నవ్వితే మళ్లీ బిగుసుకునేది, అది వేరే సంగతి.

మిగతావన్నీ ఒక్కటొక్కటే చేతికి వచ్చాయి. పిడికిలి తెరవాలంటే వేళ్లు పట్టి లాగకూడదు, ముందు మణికట్టు కిందికి వంచితే వేళ్లు అవే విచ్చుకుంటాయి. చొక్కా ముందు ఎక్కువ బిగువున్న చేతికి తొడగాలి, విప్పేటప్పుడు ఆ చేతిదే ఆఖరున తీయాలి. ఎత్తుకుంటే కాళ్లు చెరోవైపు వచ్చేలా చంకన వేసుకోవాలి. గోరువెచ్చని నీళ్లు పోసిన తర్వాత ఒళ్లు సులువుగా సాగుతుంది. చలిగా ఉన్నా, భయపడినా, జ్వరం వచ్చినా బిగువు పెరుగుతుంది. మిషన్ తొక్కబోయే ముందు, "పిచ్చుకా, మిషన్ మోగుతుందే!" అని కేకేసి మరీ మొదలుపెట్టడం అలవాటైంది. లాగులకి పక్కన నిలువునా తెరిచి అంటించే పట్టీలు కుట్టింది. అవి చూసి మేడం ముచ్చటపడి, గదిలోని మిగతా తల్లులకి చూపించింది.

కుర్చీ వడ్రంగి మామయ్య చేశాడు. తుంటి, మోకాలు, చీలమండ మూడూ చక్కగా మడతపడి, పాదాలు పీట మీద ఆని, కాళ్ల మధ్య చిన్న దిమ్మ ఉండేలా చెయ్యాలని మేడం చెప్పింది. ఆయన పిల్లని కొలిచాడు, మళ్లీ కొలిచాడు. "కుర్చీ అయ్యేసరికి పిల్ల పెరిగి పెద్దదైపోతుంది," అని అక్క సాధించింది. ఎలాగైతేనేం, కుర్చీ అయింది. అందులో కూర్చోగానే పిచ్చుక తల నిలబడింది, చేతులు ముందుకొచ్చాయి. మొదటిసారిగా ఆ పిల్ల వాళ్లని కింద నుంచి కాకుండా ఎదురుగా చూసింది.

ఇలా సాగుతుండగా ఒకరోజు తమ్ముడు పిల్లని "అలా తిప్పుకొస్తా" అని తీసుకెళ్లాడు. తిరిగొచ్చేసరికి పిల్ల ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి ఉంది. ఒక మోకాలు వాచిపోయింది. ఊరి బయట ఎవరో వంకర కాళ్లు తిన్నగా చేస్తాడని గోదాములో చెబితే అక్కడికి తీసుకెళ్లాడట. వాడు నూనె రాసి, తొడ మీద కూర్చుని, బలమంతా పెట్టి లాగాడట.

అక్క కోపం చూడాల్సిందే. చేతిలో ఉన్న స్కేలు ఎత్తింది. తమ్ముడు తప్పుకోలేదు. అంత మనిషీ గుమ్మంలో కూలబడి, "కొట్టక్కా. నువ్వు ముద్దుగా నిమురుతూ కూర్చుంటే ఎప్పటికి తిన్నగవుతాయి? గట్టిగా ఒకసారి చేస్తే అయిపోతుందన్నారు. నేను బస్తాలు ఎత్తేవాణ్ణి, నాకు తెలిసిందల్లా బలమే కదా," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అక్క స్కేలు కింద పెట్టింది. ముందు పిల్లని ఆస్పత్రికి తీసుకెళ్లి ఎముక విరగలేదని నిర్ధారణ చేసుకున్నారు. వాపు తగ్గాక ఒకరోజు తమ్ముణ్ణి చాప మీద కూర్చోబెట్టి, వాడి బండచేతిని పిల్ల పిక్క మీద పెట్టించింది.

"నొక్కకు. ఊరికే పెట్టు. ఏం తెలుస్తోంది?"

"రాయిలా ఉంది."

"ఆగు."

కాసేపయ్యాక, "కొంచెం... మెత్తబడినట్టుందక్కా," అన్నాడు.

"ఇంకా ఆగు. నీ చేతి వెచ్చదనమే దానికి చాలు రా. బలం గోదాములో చూపించుకో."

ఆ రోజు నుంచి పొద్దున పూట కాళ్ల పని తమ్ముడిదైంది. డ్యూటీకి వెళ్లే ముందు కూతురి పాదం తన అరచేతిలో పెట్టుకుని కూర్చునేవాడు. తండ్రీకూతుళ్లకి అంతకుముందు లేని మాలిమి ఏర్పడింది.

పిచ్చుకకి మాటలు వచ్చాయి. ఒక్కో మాటా లోపల్నుంచి లాక్కొచ్చినట్టు నెమ్మదిగా వచ్చేది. వీధి చివరి బడిలో చేరింది. మడమలు పైకి లేచిపోకుండా పాదాలకి ప్లాస్టిక్ పట్టీలు వేసి, వాటి మీద బూట్లు తొడిగేవారు. రోజూ సాయంత్రం పట్టీలు విప్పి ఎక్కడైనా ఎర్రగా కందిందేమోనని అక్క చూసేది. మిషన్ అంచు పట్టుకుని కాసేపు నిలబడేది పిచ్చుక. అంతా ఒక దారిన పడిందనుకున్నారు.

ఆ సమయంలో ఉన్నట్టుండి బిగువు విపరీతంగా పెరిగింది. కుర్చీలో కూర్చోబెడితే జారిపోతోంది. పట్టీలు ఎక్కడం లేదు. నిద్రలో కూడా ఉలికిపాట్లు. తమ్ముడూ మరదలూ హడలిపోయారు. "రోగం ముదిరిందేమో. బిగువు తగ్గడానికి మీరిస్తున్న మందు మోతాదు పెంచండి డాక్టరుగారూ," అని అడిగారు.

పిల్లల డాక్టరు పెన్ను పక్కన పెట్టాడు. "మందు పెంచడం క్షణం పని. పెంచితే పిల్ల మత్తుగా పడుంటుంది. బిగువు ఊరికే పెరగదమ్మా. ఒంట్లో ఎక్కడో నొప్పి ఉండుంటుంది. దాన్ని వెతుకుదాం." మలబద్ధకం ఉందేమోనని పొట్ట నొక్కి చూశాడు. కాలిగోళ్లు లోపలికి పెరిగాయేమో చూశాడు. పట్టీల కింద చర్మం చూశాడు. తుంటి ఎముకలు పక్కకి జరిగాయేమోనని ఎక్స్‌రే తీయించాడు. అన్నీ బాగానే ఉన్నాయి. "ఇంట్లో కనిపెట్టుకుని చూడండి. ఏం చేస్తుంటే ఎక్కువవుతుందో నాకు చెప్పండి," అని పంపాడు.

అక్క కొట్టు మూసేసింది. పిల్ల ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. పూర్వపు అక్కయితే ఆ కూర్చోవడమే జరిగేది కాదు. బొమ్మ ఇచ్చింది, పుస్తకం ఇచ్చింది, చూసింది. భోజనం పెట్టింది, చూసింది. పిల్ల ముద్దని ఒక దవడకే నెట్టుకుంటోంది. చల్లని మంచినీళ్లు ఒక్క గుక్క తాగగానే చెయ్యి ఎగిరింది, కాళ్లు కత్తెరపడ్డాయి. అక్క టార్చిలైటు తెచ్చి, గడ్డం మెల్లగా పట్టుకుని, నోరు తెరిచేదాకా ఓపిగ్గా ఆగి చూసింది. వెనక దవడ పన్ను పుచ్చి, చిగురు వాచి ఉంది.

"ఎన్నాళ్ల నుంచే నొప్పి? ఎందుకు చెప్పలేదే నా తల్లీ?"

పిచ్చుక చాలాసేపటికి చెప్పింది. "అమ్మకి... సెలవులు... అయిపోయాయి."

నిజమే. ఆ ఏడాది సెలవులన్నీ ఆస్పత్రి తిరుగుళ్లకే అయిపోయాయని, ఇంకొక్కటి అడిగితే డిపోలో ఊరుకోరని మరదలు మొగుడితో అన్న మాట పిల్ల విన్నది. సాయంత్రం ఈ సంగతి తెలిసి మరదలు యూనిఫారం కూడా విప్పకుండా మెట్ల మీద కూర్చుండిపోయింది. అక్క పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. మాటలతో కంటే చేతితో ఓదార్చడం అప్పటికి ఆమెకి బాగా తెలుసు.

పళ్ల డాక్టరు పన్ను తీసేశాడు. కొద్దిరోజుల్లోనే పట్టీలు మళ్లీ ఎక్కాయి. పిల్లకి బాగా లేనప్పుడు, "నొప్పి ఉందా?" అని కాక, "నొప్పి ఎక్కడ?" అని అడగడం ఆ ఇంట్లో అప్పటి నుంచి మొదలైంది.

పెరిగే వయసు వచ్చాక ఇంకో చిక్కు. ఎముక సర్రున పెరుగుతోంది, బిగుసుకున్న కండరం దాని వెంట పెరగలేకపోతోంది. మడమలు నేలకి ఆనడం మానేశాయి. పిక్కల్లో సూదిమందు వేద్దామని, అది కొన్ని నెలలపాటు కండరాన్ని కాస్త జోకొడుతుందని, ఆ తర్వాత ప్రభావం పోతుందని డాక్టరు చెప్పాడు. వేశారు. కొన్నాళ్లకి మడమలు కిందికి దిగాయి. ఇల్లంతా సంబరం. ఆ సంబరంలోనే పిచ్చుకని మిషన్ దగ్గర నిలబెట్టారు. అంతకుముందు అంచు పట్టుకుని నిలబడే పిల్ల, ఈసారి తడిబట్టలా కుప్పకూలింది.

అక్క ఫిజియో గదికి పరుగున వెళ్లి, "మేడం, ఉన్నదీ పోయింది. చేతులారా పోగొట్టుకున్నాం," అంది.

"పోలేదమ్మా. ఇన్నాళ్లూ ఆ బిగువే తనకి ఊతకర్ర. బిగుసుకుని నిలబడేది. ఇప్పుడా కర్ర తీసేశాం, కింద అసలు బలం ఎంతుందో బయటపడింది. మందు పనిచేసే ఈ నెలలే మనకి అదను. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, బిగువంతా శత్రువే అనుకోకండి. తనకి పనికొచ్చేది కొంత ఉంచుకోవాలి," అని మేడం పిచ్చుక ఎదురుగా నేల మీద కూర్చుంది. "నువ్వు చెప్పు. నీకేం చెయ్యాలనుంది?"

"ఇంకేముంది మేడం, నడవాలని..." అని అక్క అందుకుంది.

మేడం చెయ్యి ఎత్తింది. అక్క నాలుక కరుచుకుంది. అందరూ ఆగారు. పిల్ల మెడ బిగిసింది, నోరు వంకరపోయింది, సద్దుకుంది. అద్దంలో అక్కకి తన మొహమే కనిపిస్తోంది, మాట అందించకుండా ఉండలేక ఎర్రబడిన మొహం.

"తలుపు," అంది పిచ్చుక. "ఎవరైనా... వస్తే... నేను తీయాలి. నేనే."

ఇన్నేళ్లలో ఆ ఇంటి తలుపు ఎన్నిసార్లు చప్పుడైందో! ప్రతిసారీ ఎవరో ఒకరు ఉరికేవాళ్లు, ఎక్కువసార్లు అక్కే. కుర్చీలోంచి ఆ పిల్ల చూస్తూ ఉండేదని ఒక్కరికీ తట్టలేదు.

పని మొదలైంది. కుర్చీలోంచి లేవడం, తుంటి నిలపడం, బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చడం, చెయ్యి చాచడం. సంగతి విని మామయ్య పనిముట్ల పెట్టె తెచ్చాడు. కుర్చీ దగ్గర్నుంచి గుమ్మం దాకా గోడకి నున్నటి చెక్క కమ్మీ బిగించాడు. బయటి నుంచి తాళంచెవితో కూడా తెరుచుకునే గడియని కిందికి దించి, దానికి పట్టుకోవడానికి వీలుగా పొడుగాటి పిడి పెట్టాడు. ఇదంతా ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది.

"ఈయనకి జ్వరం గానీ వచ్చిందా?" అని అక్క నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

ఫలానా రోజు అని వాళ్లేమీ అనుకోలేదు. ఒక సాయంత్రం అక్క కాజాలు కుడుతోంది, పిచ్చుక కుర్చీలో ఉంది. తలుపు చప్పుడైంది. అలవాటు కొద్దీ అక్క సగం లేచింది.

"నేను," అంది పిచ్చుక.

అక్క కూర్చుంది. చేతులు వాటంతటవే ఎగరకుండా తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

పిల్ల కమ్మీ పట్టుకుని లేచింది. ఊగింది. నిలదొక్కుకుంది. ఒక అడుగు, లాక్కుంటూ ఇంకొకటి. బయట మళ్లీ చప్పుడైంది, ఈసారి గట్టిగా. పిచ్చుక ఉలిక్కిపడింది. ఒళ్లంతా బిగుసుకుని మునివేళ్ల మీదకి లేచిపోయింది. పడుతుందనుకుంది అక్క. గొంతులోకొచ్చిన కేక మింగేసింది. పిచ్చుక కదల్లేదు. గోడకి భుజం ఆనించి, కళ్లు మూసుకుని, తన కాలు తనని వదిలేదాకా ఊరికే ఆగింది. వదిలింది. మడమ నేలకి దిగింది.

"ఎవరూ లేరా ఇంట్లో?" బయట మరదలి గొంతు.

"వస్తు... న్నా."

మరదలి సంచిలో తాళంచెవి ఉంది. అది తీయలేదు.

గుమ్మం దగ్గర పిడికిలి తెరుచుకోలేదు. పిచ్చుక మణికట్టుని గోడకి ఆనించి కిందికి వంచింది. వేళ్లు విచ్చుకున్నాయి. పిడి దొరికింది, జారింది, మళ్లీ దొరికింది. గడియ కిర్రుమంది.

తలుపు తెరుచుకుంది. ఎదురుగా ఖాకీ చొక్కాలో, భుజాన టికెట్ల సంచితో అమ్మ. మొహం తడిసిపోయి ఉంది.

"ఎవరు... కావాలి?" అంది పిచ్చుక, చాలా పెద్దమనిషిలా.

మరదలు గొంతు సవరించుకుంది. "ఈ ఇంట్లో ఉండే కండక్టరమ్మనండీ. లోపలికి రావచ్చా?"

"టికెట్టు... ఉందా?"

వెనకాల అక్క నవ్వు ఆపుకోలేక, ఏడుపూ ఆపుకోలేక, కుడుతున్న చొక్కాకే మొహం తుడుచుకుంది. ఎవరిదో కొత్త చొక్కా అది. మళ్లీ ఉతికి ఇవ్వాల్సి వచ్చింది.

ఆ తర్వాత అంతా సుఖాంతమని చెబితే అబద్ధమే. మందు ప్రభావం పోయాక బిగువు తిరిగొచ్చింది. మళ్లీ సూదులు పడ్డాయి. తర్వాతెప్పుడో ఒక తుంటికి ఆపరేషనూ చేయాల్సి వచ్చింది. బడికి చక్రాల కుర్చీలోనే వెళుతుంది, ఇంట్లో కమ్మీ పట్టుకుని తిరుగుతుంది. తలుపు మాత్రం పిచ్చుకదే. పాలవాడూ, పోస్టుమానూ, మిషన్ బాగుచేసే ఆయనా, అందరూ ఆ గుమ్మం ముందు నిలబడి ఆగడం నేర్చుకున్నారు.

అక్కకి ఇప్పుడు జుట్టు నెరిసింది. కొట్టు మధ్యాహ్నం తర్వాతే తెరుస్తుంది. పొద్దున పూట, మేడం అడిగిందని, ఫిజియో గదిలో కొత్తగా వచ్చే తల్లుల పక్కన కూర్చుంటుంది. వైద్యం ఏదీ చెప్పదు, అది మేడం పని. బట్టలు ఎలా తొడగాలో, ఎలా ఎత్తుకోవాలో చేసి చూపిస్తుంది.

మొన్నొకరోజు ఒక చిన్న వయసు తల్లి కొడుకుతో వచ్చింది. పిల్లాడి కాలు పట్టుకుని లాగుతోంది, వాడు బిగుసుకుపోతున్నాడు, ఆమె కళ్లనిండా నీళ్లు. చుట్టూ అందరూ చూస్తున్నారని ఇంకా కంగారు.

"అక్కా, వీడు నా మాట అస్సలు వినడండీ," అంది.

ఎక్స్‌ప్రెస్సక్క ఆమె పక్కన పరుపు మీదకి దిగి కూర్చుంది. "వింటాడమ్మా. ముందు నీ భుజాలు దించు. చూడు, చెవుల దాకా లాగి పెట్టుకున్నావు. నువ్వు బిగుసుకుంటే వాడికి తెలిసిపోతుంది." ఆ అమ్మాయి ఊపిరి వదిలి భుజాలు దించింది. అక్క ఆమె చేతుల్ని తీసుకుని, వెచ్చబడేదాకా తన చేతుల మధ్య పట్టుకుని, పిల్లాడి మోకాళ్ల మీద పెట్టింది. "ఇప్పుడు వాడికో కబురు చెప్పు. పొద్దున్నుంచి ఇంట్లో ఏం జరిగిందో చెప్పు. తాపీగా."